బూడిద దిబ్బల దగ్గర ఆగిన దొర: రాబర్ట్ బ్రూస్ ఫుట్



జీవిత కథల పోటీ అనగానే మన పిల్లలు కలాం గారినో, రామన్ గారినో, రామానుజన్ గారినో ఎంచుకుంటారు. మంచిదే. ఈ నెల మాత్రం మన నేలకు ఇంకాస్త దగ్గరి మనిషి గురించి రాస్తున్నాను. గ్రూప్స్ పరీక్షలకు చదివిన తల్లిదండ్రులకు ఈ పేరు ఒక్క లైనుగా గుర్తుండే ఉంటుంది: భారత ప్రాక్‌చరిత్ర పితామహుడు ఎవరు, రాబర్ట్ బ్రూస్ ఫుట్. బిట్ పేపర్‌లో ఒక మార్కు తెచ్చే ఆ పేరు వెనుక, ఎండలో 30 ఏళ్లకు పైగా మన రాయలసీమ, బళ్లారి, మద్రాసు వైపు రాళ్లు కొట్టుకుంటూ తిరిగిన ఒక మనిషి ఉన్నారు.

ఫుట్ 1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 24 ఏళ్ల వయసులో, 1858 డిసెంబర్‌లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి మద్రాసు వచ్చారు. ఆ సంస్థ అప్పటికి ఏడెనిమిదేళ్ల పసిబిడ్డ. దాని పని సూటిగా చెప్పాలంటే లెక్క తీయడం. ఏ జిల్లాలో ఏ రాయి ఉంది, దేని కింద ఏముంది, బొగ్గు ఉందా, ఇనుము ఉందా, వజ్రాలున్నాయా అని పటాలు గీయడం. జీతం ఇచ్చే ప్రభుత్వానికి కావలసింది అదే. ఫుట్ ఆ పని బాగా చేశారు. తన స్నేహితుడైన విలియం కింగ్‌తో కలిసి సేలం, తిరుచినాపల్లి, తంజావూరు వైపు రాళ్ల మీద వాళ్లు రాసిన నివేదిక 1864లో అచ్చయింది. మద్రాసులోనే ఆయన రెవరెండ్ పీటర్ పెర్సివల్ కుమార్తె ఎలిజబెత్‌ను పెళ్లాడారు. పెర్సివల్ తమిళ భాషకు సేవ చేసిన మిషనరీ.

ఈయన పేరు నిలబెట్టిన సంఘటన మాత్రం సర్వే పనిలో లేనిది. 1859లో యూరప్‌లో ఒక పెద్ద కదలిక వచ్చింది. ఫ్రాన్సులోని అబ్‌విల్ దగ్గర నది గులకరాళ్ల పొరల్లో, అంతరించిపోయిన జంతువుల ఎముకల పక్కనే మనిషి చెక్కిన రాతి పనిముట్లు దొరుకుతున్నాయని, అది నిజమేనని ప్రెస్ట్‌విచ్, ఇవాన్స్ అనే ఇద్దరు వెళ్లి చూసి ఒప్పుకున్నారు. అంటే మనిషి అప్పటిదాకా అనుకున్నదానికంటే చాలా చాలా పాతవాడు. ఈ వార్త చదివిన ఫుట్‌కు ఒక ఆలోచన వచ్చింది: అక్కడ దొరికితే ఇక్కడ ఎందుకు దొరకకూడదు? అప్పట్లో ఇలా ఆలోచించడం చిన్న విషయం కాదు. పాత నాగరికత అంటే శాసనాలు, గుళ్లు, కోటలు అనుకునే రోజులవి. అంతకు ముందు ఈ దేశంలో ఏముందని వెతకడానికి ఎవరూ వంగి నేల చూడలేదు.

1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరం కంటోన్మెంటులో, కంకర తవ్విన ఒక గుంటలో ఆయనకు క్వార్ట్‌జైటు రాయి ఒకటి దొరికింది. రెండు వైపులా చెక్కి, ఒక కొస మొన తేలి, చేతిలో ఇమిడేలా ఉంది. అది చేతిగొడ్డలి. భారతదేశంలో పాత రాతియుగపు పనిముట్టుగా గుర్తించి నమోదు చేసిన మొదటి వస్తువుగా దాన్నే చెబుతారు. అదే ఏడు సెప్టెంబర్ 28న కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం వెళితే అక్కడ ఇలాంటివి రాశులుగా ఉన్నాయి. ఆ చోటే ఇప్పటికీ పరిశోధన నడుస్తున్న చోటు. 2011లో శాంతి పప్పు గారి బృందం అక్కడి అడుగు పొరల పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల కిందటివని తేల్చింది. ఫుట్ బతికున్నప్పుడు ఇంత పెద్ద సంఖ్య చెప్పే పద్ధతులే లేవు. పొర కింద పొర ఉంటే కిందిది పాతది అన్న ఒక్క సూత్రంతోనే ఆయన పని నడిచింది.

ఇక మన వైపు వద్దాం. తుమ్మలపల్లె నుంచి పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్లో గనిలో పనిచేసే వాళ్లు ఉన్నారు. వాళ్లకు వేంపల్లె రాయి గురించి నేను చెప్పనక్కరలేదు. కడప, కర్నూలు జిల్లాల పొరలన్నిటికీ పేర్లు పెట్టి, వరస కట్టి 1872లో పెద్ద గ్రంథం రాసింది ఫుట్ స్నేహితుడు కింగే. ఇప్పటికీ జియాలజీ పుస్తకాల్లో కడప శిలలు, కర్నూలు శిలలు అని మన జిల్లాల పేర్లే ఉండడానికి మూలం ఆ పని. పులివెందుల వైపు ఆ సున్నపురాతి పొరల మధ్యకు చొచ్చుకొచ్చిన నల్లరాతి పలక వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలు. వేంపల్లె పొరల పైభాగంలో లావా ప్రవహించిన గుర్తులూ ఉన్నాయి. అంటే మన చుట్టూ ఒకప్పుడు నిప్పు పొంగింది. కానీ ఎప్పుడో. ఈ మాట గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో దీని అవసరం వస్తుంది.

ఫుట్‌కు దక్కిన పెద్ద జిల్లా బళ్లారి. 1895లో ఆయన రాసిన బళ్లారి జిల్లా భూగర్భ గ్రంథం అచ్చయింది. అప్పటి బళ్లారి జిల్లాలో మన ఆదోని, ఆలూరు, రాయదుర్గం కూడా ఉండేవి. అవి ఆంధ్రలోకి వచ్చింది 1953లోనే. కాబట్టి బళ్లారి కథ కొంత మన కథే.

ఆ ప్రాంతంలో ఊళ్ల పక్కన, కొండల సందుల్లో వింత దిబ్బలు ఉంటాయి. దూరం నుంచి మామూలు మట్టి దిబ్బే. దగ్గరికెళ్తే మన్ను కాదు, బూడిద. మన వైపు బూది అంటాం కదా, ఆ పేరుతోనే కొన్ని చోట్లు ఉన్నాయి: బూదిగుంట, బూదికనుమ. కొన్ని దిబ్బలు రెండు మూడు మనుషుల ఎత్తు. ఆ బూడిదలో నల్లగా, బూడిద పచ్చగా, బుడగలు బుడగలుగా కరిగి గట్టిపడిన ముద్దలు. విరగ్గొడితే లోపల అద్దంలా మెరుస్తుంది. కుప్పగల్లు, కుడితిని దగ్గరివి పెద్దవి. అనంతపురం జిల్లాలో పాలవాయి దగ్గరా ఉన్నాయి.

ఊరివాళ్లకు దీనికి జవాబులు ముందే ఉన్నాయి. రాక్షసులను కాల్చిన చితి అన్నారు. హంపి పక్కన నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా ఇప్పటికీ చూపిస్తారు. దొరల్లో ఈ దిబ్బల మీద మొదట శ్రద్ధగా రాసింది కర్నూలులో కంపెనీ అధికారిగా పనిచేసిన కెప్టెన్ న్యూబోల్డ్. 1843 నాటికే ఆయన వీటి మీద వ్యాసం ప్రకటించారు. చూడగానే అగ్నిపర్వతపు చిట్టెంలా ఉన్నా, ఇవి మనుషుల వల్ల ఏర్పడినవని ఆయనకు తోచింది. మరి ఏ మనుషులు, ఎందుకు?

ఇక్కడ కాసేపు కథ ఆపి, ఆ అద్దపు ముద్ద గురించి చెప్పాలి. మా ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఇటుక బట్టీ దగ్గర ఎక్కువ కాలి కరిగిపోయిన నల్లటి ఇటుక ముక్క తెచ్చి, ఇది ఉల్క అని వాదించాడు. క్లాసులో సగం మంది లావా అన్నారు. మెరుపు, నలుపు, బుడగలు, మూడూ ఉన్నాయి. వాళ్లు అలా అనుకోవడంలో వింత లేదు. పెద్ద పెద్ద పండితులు తడబడింది కూడా సరిగ్గా ఇక్కడే.

రాయి కరిగి నెమ్మదిగా చల్లారితే లోపలి అణువులకు సమయం దొరుకుతుంది. వరసలు కట్టి స్ఫటికాలవుతాయి. మన ఇళ్ల ముందు గ్రానైట్ బండలో కనిపించే తెల్ల, గులాబీ, నల్ల గింజలన్నీ అలా తీరిగ్గా పెరిగినవే. అదే ద్రవం గబుక్కున చల్లారితే వరస కట్టే లోపే గట్టిపడుతుంది. అదే గాజు. అగ్నిపర్వతం కక్కిన నల్ల గాజును అబ్సిడియన్ అంటారు. ఈ రెంటికీ మధ్య ఒక స్థితి ఉంది. వంటింట్లో దాన్ని రోజూ చూస్తాం. కాచిన నెయ్యి నిదానంగా చల్లారితే చక్కగా పూస కడుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పూస లేకుండా నున్నగా గడ్డకడుతుంది. ఇక పూస కట్టడం మొదలై, పూర్తి కాకముందే గడ్డకడితే? లోపల చూసీ చూడనట్టు చిన్న చిన్న నలుసులు మిగులుతాయి. గాజు రాళ్లలోనూ అంతే. స్ఫటికం కాబోయి మధ్యలో ఆగిపోయిన అతి సన్నని నలుసులు ఉంటాయి. వాటినే క్రిస్టలైట్లు అంటారు. వాటికి పూర్తి ఆకారం ఉండదు, ఏ ఖనిజమో పేరు పెట్టడానికీ వీలుండదు. కొన్ని గుండ్రటి చుక్కలు. కొన్నిచోట్ల ఆ చుక్కలే పూసల దండలా వరసగా ఉంటాయి. కొన్ని చిన్న పుల్లలు, కొన్ని వెంట్రుకల్లా మెలికలు. ఇంకాస్త పెరిగి గుర్తుపట్టేంత అయితే వాటిని మైక్రోలైట్లు అంటారు.

ఇవి కంటికి కనిపించవు. వీటిని చూడగలిగే దారి వేసింది ఫుట్ కంటే కొద్దిగా పెద్దవాడైన మరో ఇంగ్లీషు ఆయన, హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. 1849 ప్రాంతంలో రాతి ముక్కను వెలుతురు దూరేంత పలచగా అరగదీసి గాజుపలక మీద అంటించి మైక్రోస్కోపు కింద పెట్టడం మొదలుపెట్టారు. కొండలను మైక్రోస్కోపుతో చూడడమేమిటని నవ్విన వాళ్లున్నారు. ఇప్పుడు ఆ పలకల మందం మిల్లీమీటరులో 100 వంతుల్లో 3 వంతులు, ప్రపంచమంతా అదే. క్రిస్టలైట్ల మీద ప్రత్యేకంగా పనిచేసినవారు హెర్మన్ ఫోగెల్‌సాంగ్, హాలండులోని డెల్ఫ్ట్‌లో ప్రొఫెసర్. ఆయన చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. గంధకాన్ని కరిగించి, అందులో జిగురు లాంటి కెనడా బాల్సమ్ కలిపారు. జిగురు వల్ల గంధకం త్వరగా స్ఫటికం కాలేకపోయింది. ముందు చుక్కలు, తర్వాత చుక్కల దండలు, తర్వాత పుల్లలు. రాయిలో లక్షల ఏళ్లుగా ఆగిపోయి ఉన్న దశలన్నీ ఆయన బల్ల మీద ఒకదాని వెంట ఒకటి కదిలాయి. 1874లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయారు. క్రిస్టలైట్ల మీద ఆయన పుస్తకం మరుసటి ఏడు వచ్చింది.

గాజు గురించి ఇంకో సంగతి. అది శాశ్వతం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ రాతి గాజు తనంతట తానే మెల్లగా స్ఫటికాలుగా మారిపోతుంది. కోట్ల ఏళ్ల పాత లావాల్లో గాజు గాజుగా మిగలడం చాలా అరుదు. ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మాటకు వద్దాం. మన వైపు నిప్పు పొంగి 180 కోట్ల ఏళ్లు దాటింది. ఆ లావా గాజు ఎప్పుడో స్ఫటికాలైపోయి ఉంటుంది. మరి గ్రానైట్ కొండ పక్కన, మెత్తటి బూడిదలో, నిన్న కరిగినట్టు నిగనిగలాడే గాజు ఎక్కడిది? ఇది ఫుట్ రాసిన వాదన కాదు. ఇప్పటి పాఠం చదువుకుని నేను చెబుతున్న లెక్క. ఆయన దారి వేరు.

ఫుట్ పేరు సుత్తితో, కాళ్లతో వచ్చింది, మైక్రోస్కోపుతో కాదు. ఆయన ఆ దిబ్బల చుట్టూ నడిచారు. పక్కనే నున్నగా నూరిన రాతి గొడ్డళ్లు, చేత్తో చేసిన కుండ పెంకులు, నూరుడు రాళ్లు దొరికాయి. ఇనుము వాడే కాలపు గుర్తులు కావవి. అంటే ఈ దిబ్బలు రాజుల కాలానివి కావు, నవీన శిలాయుగానివి. రెండోది అంతకంటే ముఖ్యం. ఇది కాలిన పేడ అని ఆయన తేల్చారు. ఆ కాలపు పశువుల కాపరులు మందలను కంచె కట్టి దొడ్లలో ఉంచేవారని, ఏళ్ల తరబడి పేరుకున్న పేడ కాలి ఈ దిబ్బలయ్యాయని ఆయన అభిప్రాయం. ఆఫ్రికాలో పశువులకు ముళ్లకంచెతో కట్టే దొడ్లతో దీన్ని పోల్చారు.

పేడ కాలితే గాజు వస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. పిడకలు కాల్చితే మనకు తెల్ల బూడిదే కదా మిగిలేది. అసలు గుట్టు గడ్డిలో ఉంది. పొలం గట్టున గడ్డి దూస్తే ఆకు అంచు వేలిని కోస్తుంది. దానిలో ఇసుక జాతి పదార్థం, సిలికా ఉండబట్టే. వరిపొట్టు బూడిదలో దాదాపు అంతా అదే. ఆవు గడ్డి తింటుంది, ఆ సిలికా అరగదు, పేడలో వచ్చేస్తుంది. సిలికా ఒక్కటే అయితే కరగడానికి 1700 డిగ్రీలు కావాలి. కానీ గడ్డి బూడిదలో క్షారాలు కూడా ఉంటాయి. అవి కలిస్తే 1000 డిగ్రీల లోపే మెత్తబడి కరగడం మొదలవుతుంది. గాజు తయారీలో ఇసుకకు సోడా కలపడం ఇందుకే. ఒక పిడక కాలితే వేడి గాలిలోకి పోతుంది. ఒక ఇంటంత పేడ రాశి లోలోపల రోజుల తరబడి రగిలితే వేడి బయటికి పోదు. ఆ గుండెలో గాజు పుడుతుంది. పెద్ద రాశి కాబట్టి ఒక్కోచోట ఒక్కోలా చల్లారుతుంది. అందుకే కొన్ని ముద్దలు నిగనిగలాడతాయి, కొన్ని మసకబారి ఉంటాయి.

ఫుట్ మాటను అందరూ ఒప్పుకోలేదు. విజయనగరం చరిత్ర రాసిన రాబర్ట్ సెవెల్ 1899లో వేరే వాదన చేశారు. పెద్ద ఎత్తున బలులో, దహనాలో జరిగిన చోట్లని. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. బళ్లారి ప్రాంతం బాగా తెలిసిన అధికారి. తర్వాతి కాలంలో ఇంకొందరు ఇది ఇనుము కరిగించిన కొలిమి చిట్టెం అన్నారు. పేడ అనే జవాబు మరీ చప్పగా, గొప్పతనం లేనట్టుగా అనిపించిందేమో అని నా అనుమానం. రాక్షసుడి చితి, రాజుల యజ్ఞం, ఉక్కు కొలిమి, వీటి పక్కన పశువుల దొడ్డి అంటే ఎవరికి ఆనుతుంది?

ఇదే కాలంలో కర్నూలు గుహల కథ కూడా నడిచింది. బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహల్లో ఎముకలు ఉన్నాయని న్యూబోల్డే 1844లో రాశారు. తర్వాత 40 ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. లండన్‌లో థామస్ హక్స్‌లీ గుర్తుచేస్తే, మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ ఆ పని ఫుట్‌కు అప్పగించారు. 1884లో ఆయన మొదలుపెట్టిన తవ్వకాన్ని కొడుకు హెన్రీ కొనసాగించారు. హెన్రీ సైన్యంలో లెఫ్టినెంటు. తండ్రికి సర్వే పని వదిలే వీలు లేకపోతే కొడుకు గుహలో కూర్చున్నాడు. దొరికిన ఎముకలను లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరించారు. అందులో హైనా ఉంది, బబూన్ జాతి కోతి ఉంది, ఖడ్గమృగం ఉంది. ఆ ఖడ్గమృగానికి మన జిల్లా పేరే వచ్చేలా రైనోసరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టారు. కర్నూలులో ఖడ్గమృగం తిరిగిందని పిల్లలకు చెబితే ఆ పీరియడ్ ఇక ముందుకు సాగదు, నాది హామీ.

ఆ గుహల్లో చెక్కిన ఎముక పనిముట్లు కూడా దొరికాయని ఫుట్‌లు రాశారు. చాలాకాలం దానిమీద సందేహాలుండేవి. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు బేతంచెర్ల దగ్గరే ముచ్చట్ల చింతమాను గవిని తవ్వినప్పుడు ఎముక పనిముట్లు బయటపడి, ఆ మాటకు బలం వచ్చింది. బెలుం గుహలను 1884లో లోకం దృష్టికి తెచ్చింది కూడా ఫుట్ గారేనని చెబుతారు. తర్వాత దాదాపు 100 ఏళ్లు అవి మళ్లీ మరుగునపడి, 1982-83లో జర్మన్ బృందం కొలతలు తీశాకే వెలుగులోకి వచ్చాయి. ఊరివాళ్లకు అవి ఎప్పుడూ తెలిసినవేనని వేరే చెప్పాలా! దొర చేసింది చూసినదాన్ని చూసినట్టు రాసిపెట్టడం.

1891లో సర్వే ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఇంగ్లండు వెళ్లిపోలేదు. బరోడా సంస్థానానికి పనిచేశారు. 1894లో మైసూరు సంస్థానం భూగర్భ శాఖ పెట్టినప్పుడు దాని తొలి అధిపతి అయ్యారు. సేలం దగ్గర ఏర్కాడు కొండ మీద ఇల్లు కట్టుకున్నారు. ఆ కొండ ఊళ్లలో పాత కాలపు నున్నని రాతి గొడ్డళ్లను జనం చిన్న చిన్న గుళ్లలో పెట్టి మొక్కేవారు. ఫుట్‌కు రిటైరయ్యాక కూడా పని దొరికింది.

ఆయన లెక్కలన్నీ నిలబడ్డాయని చెప్పలేను. పాత రాతియుగానికీ నవీన శిలాయుగానికీ మధ్య మనుషులే లేని పెద్ద ఖాళీ ఉందని ఆయన నమ్మారు. తర్వాతి పరిశోధకులు ఆ ఖాళీలో చిన్న రాతి పనిముట్ల కాలాన్ని చూపించారు. కానీ ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. దొరికిన ప్రతి ముక్కకూ ఊరి పేరు, చోటు రాయడం. అందుకే ఆయన ఊహ తప్పిన చోట కూడా ఆయన సామగ్రి పనికొచ్చింది. 40 ఏళ్లలో పోగేసిన ఆ సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం తీసుకుంది. దాని జాబితా రాసే పని ఆయన చివరి రోజుల దాకా సాగింది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో చనిపోయారు. అస్థికలు ఏర్కాడు చర్చిలో ఉన్నాయి. జాబితా 1914లో, దాని వివరణ గ్రంథం 1916లో అచ్చయ్యాయి. రెండూ ఆయన చూడలేదు.

బూడిద దిబ్బల తగవు ఆయన పోయాక 45 ఏళ్లకు గానీ తేలలేదు. 1957లో రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వారు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పేరు ఒకటే కావడంతో పిల్లలు పొరబడుతుంటారు. అక్కడ చుట్టూ కంచె గుంజలు పాతిన గుంటలు వరసగా కనిపించాయి. ఒక కంచె కాలాక దానిమీద మరో కంచె, మళ్లీ కాలడం, మళ్లీ కట్టడం. ఆ దొడ్డి సుమారు 4,500 ఏళ్ల కిందటిది. దిబ్బల ముద్దలను లండన్‌లో జాయినర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి, ఇది అగ్నిపర్వతమూ కాదు, ఇనుప చిట్టెమూ కాదు, ఆవు పేడ కాలి కరిగినదేనని 1960లో ప్రకటించారు. ఉట్నూరులో అన్నిటికంటే గట్టి సాక్ష్యానికి మాత్రం ఏ ల్యాబూ అక్కరలేకపోయింది. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆ దొడ్లను ఎందుకు కాల్చేవారన్న చర్చ మాత్రం ఇంకా నడుస్తోంది. ప్రమాదమా, రోగాలు వచ్చినప్పుడు శుభ్రం చేయడమా, మన సంక్రాంతి మంటల్లా ఏడాదికోసారి చేసే పండుగా? ఆల్చిన్ మూడో దానివైపు మొగ్గారు. పశువులను మంటల మీదుగా దూకించే ఊరి పండుగలతో దాన్ని పోల్చారు.

ఎండాకాలం సెలవుల్లో బెలుం వెళ్లే కుటుంబాలు బేతంచెర్ల మీదుగా వెళితే బిల్లసుర్గం కూడా చూడవచ్చు. చెన్నై వెళ్లినవాళ్లు ఎగ్మూరు మ్యూజియంలో ఫుట్ సేకరణ అడిగి చూడండి. బూడిద దిబ్బలు చూడాలంటే మాత్రం ఆలస్యం చేయకండి. పేడ బూడిద పొలాలకు మంచి ఎరువని తెలిసిన రైతులు ఏళ్లుగా బండ్లతో, ట్రాక్టర్లతో తోలుకుపోగా చాలా దిబ్బలు ఇప్పటికే సగం కరిగాయి, కొన్ని లేనే లేవు. ఎరువుకు పనికిరాదని పక్కన పడేసిన అద్దపు ముద్దలు మాత్రం అక్కడక్కడా గట్ల మీద మెరుస్తూ ఉంటాయి.